దుకాణం తెలుగు

ఒకటి కొంటే ఒకటి ఉచితమని బోర్డు రాయించి కోదాడలో చీరలు అమ్మేవాణ్ని నేను. అలాంటివాణ్ని, నా కూతురికి రెండు భాషలు ఊరికే వస్తుంటే ఒకటి చాలని రెండోదాన్ని వెనక్కి పంపేశాను. అంత గట్టి బేరం ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చేసి ఉండరు.

మాది త్రిపురారం దగ్గరి లంబాడీ తండా. నాన్న మిర్యాలగూడలో బట్టల దుకాణం పెట్టాక నేను గల్లా పక్కనే పెరిగాను. గిరాకీతో తెలుగు, మాలో మాకు లంబాడీ. చీర చూస్తున్న మనిషి ఎదుటే నాన్న ఇంతకు తగ్గొద్దని లంబాడీలో చెప్పేవాడు. నేను ఆమెవైపు తిరిగి, "నీ మొకం జూసి ఇస్తున్ననక్కా, ఇంకోలకైతే ఇయ్య" అని తెలుగులో నవ్వేవాణ్ని. ఏ భాష ఎప్పుడు బయటికి తీయాలో నాకెవరూ నేర్పలేదు. నడక వచ్చినట్టే వచ్చింది.

నా కూతురికి మూడేళ్లు నిండబోతున్నా మాటలు రాలేదు. నీళ్లు కావాలంటే అమ్మ కొంగు పట్టుకొని బిందె దాకా లాక్కెళ్లేది. అమ్మ అంటే మా అమ్మ. మేం యాడీ అని పిలుస్తాం.

కోదాడలో బడి టీచరమ్మ పాపను చూసి తేల్చేసింది. "ఇంట్లో మీరు తెలుగు, మామ్మగారు లంబాడీ. పాప కన్ఫ్యూజ్ అయిపోద్దండి. ఒక్కటే ఉంచండి."

సూర్యాపేటలో పిల్లల డాక్టరు చెవులు పరీక్ష చేయించాడు. "పరేషాన్ గాకుర్రి. మంచిగ ఇనపడ్తున్నది, చెప్పింది సమజైతున్నది. కొందరు పిల్లలు జర ఆలస్యంగ మొదలువెడ్తరు. రెండు భాషలుంటే మాటలేం ఆగయి. ముసలామెను మాట్లాడనియ్యిర్రి."

ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి చూశాను. డాక్టరు ఏమీ వదులుకోవద్దన్నాడు. టీచరమ్మ ఒకటి వదులుకోమంది. ఖర్చు లేని సలహాలో సరుకు ఉంటుందని నాకెందుకో నమ్మకం కలగలేదు. టీచరమ్మ మాటే ఖాయం చేసి, అమ్మకు ఆ సంగతి లంబాడీలోనే చెప్పాను.

"యాడీ, ఇగ పాపతోని తెలుగే మాట్లాడు."

"తెలుగుల నేనేం మాట్లాడాలెరా?"

"ఏదో ఒకటి."

అమ్మకు తెలుగు రాదని కాదు. వచ్చింది దుకాణం తెలుగు. దా, కూసో, ఎంత, వద్దు, రేపు రా. దానితో బేరం నడుస్తుంది, దవాఖానలో చీటీ దొరుకుతుంది. పసిపిల్లను బుజ్జగించడానికీ, ఉత్తుత్తిగా బెదిరించడానికీ అందులో ఏమీ లేదు. అమ్మ పాపను "దా, కూసో" అని పిలిచి అన్నం పెట్టేది. "వద్దా? ఇంకొంచెం?" అనేది. తర్వాత ఇద్దరూ టీవీ చూసేవారు.

కొన్ని నెలలకు పాప మాట్లాడింది. మొదలుపెట్టాక ఆగలేదు. నేను బజారంతా చెప్పుకున్నాను. మిర్యాలగూడలో మా చెల్లెలి కొడుకుదీ అదే వరస. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ మానలేదు. వాడూ ఇంచుమించు ఆ వయసుకే నోరు విప్పాడు, రెండు భాషల్లోనూ. ఆ సంగతి మాత్రం నేను బజారులో చెప్పలేదు.

రెండో తరగతిలో ఉండగా పాప ఒకసారి అడిగింది. "డాడీ, నానమ్మకు ఏం తెల్వదు కదా?"

చీర మడత పెడుతున్నాను. పెడుతూనే ఉన్నాను.

మొన్న ఎండాకాలం తండాకు వెళ్లాం. అమ్మ చెల్లెలు చాలాకాలానికి వచ్చింది. మా ఆడవాళ్లు అలా కలిస్తే ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి రాగం తీసి ఏడుస్తారు. కబుర్లన్నీ ఆ ఏడుపులోనే. పాప భయపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు చచ్చిపోయిన్రు డాడీ?"

"ఎవ్వరు లేరు. మాట్లాడుకుంటున్రు."

అమ్మ గొంతు లేస్తోంది, దిగుతోంది. మధ్యలో ఏదో వేళాకోళం చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. పాప నోరు తెరిచి చూసింది. "నానమ్మకు ఇన్ని మాటలొచ్చా? ఏమంటున్నది?"

"మోకాళ్లు నొస్తున్నయట."

అమ్మ అన్నది అది కాదు. కొడుకింట్లో ఫ్యానుంది, మంచముంది, వేళకు తినడానికి బాటి ఉంది, నా నోటికి మాత్రం పని లేదు చెల్లీ అంది. మనవరాలి ముందు బేరానికి వచ్చిన దానిలా కూర్చుంటున్నానంది. నేను పాపకు బాగా తగ్గించి చెప్పాను. అలవాటు.

ఆ సాయంత్రం అమ్మతో అన్నాను, ఇక పాపతో మన భాషే మాట్లాడమని. అమ్మ పాపను దగ్గరికి తీసుకుని రాగం మొదలుపెట్టింది. రెండు చరణాలు సాగింది. పాప మర్యాదగా తల ఊపింది, క్లాసులో ఊపినట్టు. అమ్మ ఆ మొహం చూసి ఆపేసింది.

"అన్నం తిన్నవా?" అంది, తెలుగులో.

"తిన్న నానమ్మా."

లెక్క ఇది. పాపకు మాటలు వచ్చాయి. అవి నేను కొన్నవి కావు, ఎలాగూ వచ్చేవే. అమ్మ మాటలు పాపకు అందలేదు. అవి నేను పంపేసినవే. నా తప్పులో తరుగు తీయడానికి టీచరమ్మ పేరు చెప్పవచ్చు, కానీ ఒప్పుకున్నది నేను.

పాప ఇప్పుడు లంబాడీ మాటలు అడిగి నేర్చుకుంటోంది. నిన్న అమ్మ దగ్గరికి వెళ్లి "యాడీ, పాణి" అంది. అమ్మ బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. మూడేళ్లప్పుడు కొంగు లాగితే దొరికినవి కూడా ఆ నీళ్లే. జమ కింద ఆ ఒక్క గ్లాసే వేశాను.