‘ఏ మందు?’ అని అడిగిన దుబాసీగారు

కడప కోర్టులో దుబాసీగా పనిచేసిన పెద్దాయన పోయారని మొన్న ఒక బంట్రోతు చెప్పాడు. సాక్షుల తెలుగును జడ్జీ దొరకు ఇంగ్లీషులో, డాక్టర్ల ఇంగ్లీషును మాకు తెలుగులో చెప్పడం ఆయన ఉద్యోగం. "ఎట్ల పోయినాడప్పా? ఎవరి చేతి కూడు తిన్నాడు?" అన్నాను. అన్నాక సిగ్గేసింది. నాలోని ఈ బుద్ధిని నిండు కోర్టులో నిలబెట్టి చూపింది ఆయనే.

మాది ప్రొద్దుటూరు దగ్గర మగ్గాల ఇల్లు. మా అన్న ఒకరోజు పొద్దున పట్టుకున్న వాంతులు, భేదులతో సాయంత్రానికి పోయాడు. వాంతులు మొదలవకముందే వదిన మజ్జిగలో ఏదో పొడి కలిపి ఆయనకివ్వడం చూశాను. ఆమె మాట తక్కువ మనిషి. మొగుడు పోయినా గట్టిగా ఏడవలేదు. నాకు అదీ సాక్ష్యంగానే తోచింది. పోలీసులకు చెప్పింది నేనే. శవాన్ని కోసి, కడుపులోవి జాడీల్లో పెట్టి పరీక్షకు మద్రాసు పంపారు.

వదిన మీద కేసు కోర్టుకొచ్చినప్పుడు సాక్షిగా బోనెక్కి, "మా వదినే మందు పెట్టింది సామీ" అన్నాను.

దుబాసీగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఏ మందప్పా? జబ్బు తగ్గే మందా, మొగుణ్ణి వశం చేసుకునే మందా, పాణం తీసే విషమా? ఇంగ్లీషులో మూటికీ మూడు మాటలుండాయి. ఏది చెప్పమంటావు?"

"అదంతా నాకేం తెల్సు? పొడి కలిపేది చూస్తి."

"అయితే పొడి అనే చెప్తా."

నాకు ఒళ్ళు మండింది. ఆయన నుదుటి నామం, వదిన తరఫు ప్లీడరు నామం ఒకటే. ఇంకేముంది, ఇద్దరూ ఒకటయ్యారనుకున్నాను.

తర్వాత డాక్టరు మద్రాసు నుంచి వచ్చిన కాగితం చదివాడు. "విషం కనబడలేదట" అన్నారు దుబాసీగారు. ప్లీడరు వెంటనే లేచి, దొరకు సలహా చెప్పే అసెసర్లుగా కూర్చున్న పెద్దల వైపు తిరిగి, "అంటే విషం లేదని తేలిపోయింది" అన్నాడు.

"డాక్టరుగారు కనబడలేదన్నారు. లేదనలేదు" అన్నారు దుబాసీగారు.

ప్లీడరు ముఖం మాడిపోయింది. ఈయన ఎవరి మనిషీ కాదని అప్పుడర్థమైంది. ఆ వారంలో మా వీధిలోనే ఇంకో ఇద్దరు వాంతిభేదితో పోయారని కూడా డాక్టరు చెప్పాడు. వదినను వదిలేశారు.

బయట వసారాలో ఆయన్ను ఆపాను. "ఇంతకీ విషమా, కాదా సామీ?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు. కంటితో చూసింది ఒకటి, మనసులో అనుకున్నది ఒకటి. రెంటినీ ఒకే మాటతో చెప్పొద్దు నాయనా."

చీరలు అమ్మడానికి కడప పోయినప్పుడల్లా ఆయన్ను చూసి వచ్చేవాణ్ణి. ఆస్పత్రి కాంపౌండరును, హకీమును, నాటువైద్యుణ్ణి ఒక్కో జబ్బు పేరూ అడిగి, పొడుగాటి పుస్తకంలో పక్కపక్కనే రాసుకునేవారు. "సన్నిపాతం అంటే ఊరికొక అర్థముండాది. వైద్యుడు పేరు తప్పితే ఒక పాణం పోతాది. కోర్టులో నేను తప్పితే ఇంకో పాణం గూడా పోతాది" అనేవారు.

వదిన మా ఇంటికే తిరిగొచ్చింది. ఏడాది దాకా ఆమె చేతి కూడు తినలేదు నేను. చివరికి అడిగాను, ఆ పొడి ఏమిటని.

"వాము. మీయన్న కడుపునొప్పి అంటాండె. ఆపొద్దే నన్నడిగింటే చెప్పనా?"

నమ్మాను. చాలావరకు.

దుబాసీగారి కర్మ నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరో ముసలి సాయిబు, ఆయన పోయిన సంగతి తెలియక, ఆస్పత్రి చీటీ పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "దీంట్లో ఏముండాదో అయ్యగారు చెప్తారంట" అన్నాడు. చీటీ తీసుకుని ఇటూ అటూ తిప్పాను. ఒక్క అక్షరం తెలియలేదు. ముసలాయన నా ముఖం వైపే చూస్తున్నాడు.