మేకు పడని గోడలు

తెనాలి వైపు నుంచి హైదరాబాదు వచ్చి మేం మొదట కాపురం పెట్టింది బోరబండలో, ఒంటిగది ఇంట్లో. సామాను దించిన రోజే మా ఆవిడ పెట్టెలోంచి వాళ్ల నాన్నగారి ఫోటో తీసి గోడ వంక చూసింది. మా పెళ్లయిన ఏడాదికే ఆయన పోయారు. గుమ్మంలో నిలబడ్డ ఇంటామె, "ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్? మేకు కొట్టుకో. కిరాయిదైతే ఏంది, నీ ఇల్లే అనుకో" అంటూ సుత్తి తనే తెచ్చిచ్చింది.

అప్పట్లో మాదాపూర్ దాటితే రాళ్లూ, సీతాఫలం పొదలూ. వాటి మధ్య గుండ్రంగా పెద్ద భవనం ఒకటి లేస్తుంటే, చూడటానికి జనం స్కూటర్ల మీద వచ్చేవాళ్లు. కొన్నాళ్లు ఒకాయన దగ్గర ప్లాట్లు చూపించే పని చేసి, తర్వాత కొండాపూర్‌లో సొంతంగా ఇళ్లు కట్టడం మొదలుపెట్టాను. ఖాళీ ఇల్లు చూపిస్తే కొనేవాళ్లకి గదులు ఇరుకనిపిస్తాయి. మనుషులు తిరుగుతుంటే ఇల్లు కళగా ఉంటుంది. అందుకని మొదటి ఇంట్లో మేమే దిగాం. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒకటే షరతు, గోడలకి మేకు పడకూడదు.

"మరి నాన్నగారి ఫోటో అండీ?" అంది.

"ఇది అమ్మేశాక మనకోసం ఒకటి కట్టుకుందాం. అక్కడ హాల్లోనే పెడదాం" అన్నాను. ఫోటోని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టింది.

వంటగది మాత్రం ఆవిడ చెప్పినట్టే కట్టించాను. గట్టు కాస్త దిగువకి, పొయ్యి పక్కనే కిటికీ, పోపులడబ్బా చేతికందేలా గూడు. ఆదివారాలు కంప్యూటర్ ఉద్యోగాల జంటలు వచ్చేవి. ఆవిడ మజ్జిగ ఇచ్చేది. ఆ అమ్మాయిలు వంటగది చూసొచ్చి మొగుడి చెవిలో ఏదో అనేవాళ్లు. పక్కిల్లు చూపిస్తానన్నా వినరు, ఇదే కావాలంటారు. మంచి బేరం వస్తే కాదనే నోరు నాకు లేదు. మళ్లీ సామాను సర్దుకోవడం, కొత్త ఇంట్లో మళ్లీ పాలు పొంగించడం. మూడో ఇంటికి వచ్చేసరికి ఆవిడ కొన్ని అట్టపెట్టెలు విప్పడమే మానేసింది. క్యాలెండరు తలుపు గడియకి వేలాడేది. బయట మాత్రం నన్ను అందరూ చేయి తిరిగినవాడనేవారు.

ఒక ఏడు, నాన్నగారు పోయిన రోజు ఆదివారమే వచ్చింది. ఫోటోని కుర్చీలో పెట్టి, దండ వేసి, దీపం వెలిగించింది. ఇంతలో గేటు దగ్గర కారు ఆగింది. "కాసేపు లోపల పెట్టు. ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్లకి దండేసిన ఫోటో ఎదురైతే ఏం బాగుంటుంది?" అన్నాను. ఆవిడ ఫోటో అందుకుని, దీపం ఆర్పకుండా అలాగే లోపలికి తీసుకెళ్లింది. ఆ ఇల్లూ అమ్ముడుపోయింది. ఆ పూట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి గోపన్‌పల్లి దగ్గర మాకోసమే ఇల్లు కట్టాను. బేరానికొచ్చిన వాళ్లని గేటు కూడా దాటనివ్వలేదు. గృహప్రవేశమైన మర్నాడు హాల్లో మేకు నేనే కొట్టి, ఫోటో తగిలించి ఆవిడని పిలిచాను. "కొంచెం వంకరగా ఉందండీ" అంటూ సరిచేసింది. ఇద్దరికీ కళ్లు తడిశాయి. ఇక అంతా సర్దుకుందనే అనుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం బయట కారు ఆగిన చప్పుడైంది. తలుపు తీస్తే మా బావమరిది, పెళ్లాం పిల్లలతో ఊరి నుంచి వచ్చాడు. వస్తూనే హాలంతా చూసి, "నాన్న ఫోటో పెట్టామన్నావు, ఏదక్కా?" అన్నాడు.

గోడకి మేకు ఒక్కటే ఉంది. ఫోటోని కొంగు కింద పట్టుకుని ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"కారు చప్పుడైతే కొనేవాళ్లేమో అనుకున్నానురా" అంది.