సన్నాయి అప్పలస్వామి ఎడమ చెవి

ఆ రోజు నేను ఒక మనిషి నోరు మూయించి అతని చెవి అచ్చు తీశాను. నోటితో ఊది బతికేవాడికి అలా తీయకూడదు. అది తెలియకపోవడం ఒక తప్పు. అతను తిరిగివచ్చి చెప్పినా వినకపోవడం రెండో తప్పు. రెండోదే పెద్దది.

అప్పుడు నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వినికిడి విభాగంలో సీనియర్ ఆడియాలజిస్టుని. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లున్నాయి. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. మందులు రాయడు, ఆపరేషన్లు చేయడు. వినికిడి ఎంత ఉందో కొలుస్తాడు, తగ్గినవారికి యంత్రం అమరుస్తాడు, ఉన్నది పోకుండా కాపాడే మార్గం చూస్తాడు. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పోర్టులోనూ ఫ్యాక్టరీల్లోనూ పెద్ద మోతల మధ్య పనిచేసేవారు. వాళ్ల చెవుల కొలతకు ఇయర్ ప్లగ్గులు చేయించడం నాకు రోజువారీ పని.

పద్ధతి ఇది. ముందు లైటుతో చెవి లోపల చూడాలి. గులిమి ఉంటే తీయించాలి. దారం కట్టిన చిన్న దూది ఉండను లోపలికి జరిపి, కర్ణభేరికి అడ్డుగా నిలపాలి. తర్వాత మెత్తటి సిలికాన్ ముద్దను సిరంజితో నింపాలి. కొద్ది నిమిషాల్లో అది గట్టిపడుతుంది. మెల్లగా తిప్పి బయటికి తీస్తే చెవి నాళం వంపులన్నీ అందులో దిగి ఉంటాయి. ఆ అచ్చును ల్యాబుకు పంపితే ప్లగ్గు తయారై వస్తుంది. అచ్చు గట్టిపడేదాకా మనిషి నోరు మూసుకుని కదలకుండా కూర్చోవాలని నాకు నేర్పారు. నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి.

అప్పలస్వామిది ఆనందపురం దగ్గర పల్లె. సన్నాయి వాయిస్తాడు. పెళ్లిళ్ల రోజుల్లో సింహాచలంలో ఒక్కోరోజు రెండు మూడు పెళ్లిళ్లకు ఊదుతాడు. అతని బావ సన్యాసిరావు డోలు. ఎప్పుడూ ఎడమ పక్కనే నిలబడతాడు. మొదటిసారి ఇద్దరూ కలిసే వచ్చారు. ఎడమ చెవిలో ఆగకుండా ఈల మోగుతోందని అప్పలస్వామి చెప్పాడు. పరీక్ష చేసి గీసిన వినికిడి పటంలో ఆ చెవి గీత, కీచుమనే సన్నటి ధ్వనుల దగ్గర కిందికి దిగి ఉంది. పెద్ద మోత పక్కన ఏళ్లపాటు నిలబడిన చెవికి కనిపించే గుర్తు అది. పోయింది తిరిగిరాదనీ, మిగిలింది కాపాడుకోవచ్చనీ చెప్పాను.

"ఇంకెన్నాళ్లు ఊదగలను బాబూ?" అన్నాడు. "శ్రుతి ఇనబడకపోతే నాను ఊదినా ఊదనట్టే గదా."

సంగీతం వాళ్లకు మామూలు స్పాంజి ప్లగ్గులు పనికిరావు. అవి సన్నటి ధ్వనులను ఎక్కువగా మింగేసి, పాటను దుప్పటి కప్పినట్టు చేస్తాయి. అందుకే వాళ్ల ప్లగ్గులో ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. అది అన్ని స్వరాలనూ దాదాపు ఒకే మోతాదులో తగ్గిస్తుంది. అయితే ప్లగ్గు అంచులు చెవికి సందు లేకుండా అతుక్కుంటేనే ఆ ఫిల్టరుకు విలువ. అప్పలస్వామికి అవే రాశాను. నోరు మూసుకోమని అచ్చులు తీశాను. రెండు వారాల్లో ప్లగ్గులు వచ్చాయి.

వారం తిరక్కుండా అతను మళ్లీ వచ్చాడు. ఊదినప్పుడల్లా ఎడమ ప్లగ్గు వదులవుతోందనీ, డోలు దెబ్బ నేరుగా లోపలికి దిగుతోందనీ చెప్పాడు. పరీక్ష గదిలో కూర్చోబెట్టి చూశాను. యంత్రం ప్రకారం ప్లగ్గు బిగుతుగా ఉంది. కొత్త వస్తువు కదా, నెల రోజులు వాడితే అలవాటవుతుందని చెప్పి పంపేశాను.

"మీరు సదువుకున్నోరు, మీకు తెలీదేటి" అని లేచి వెళ్లిపోయాడు. అందులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, ఒకసారి ఆలోచించేవాణ్ణేమో.

రెండు నెలల తర్వాత మా విభాగంలో పనిచేసే ఆయన కూతురి పెళ్లికి సింహాచలం వెళ్లాను. మేళం అప్పలస్వామి వాళ్లదే. అతని ఎడమ చెవిలో ప్లగ్గు మీద దూది కుక్కి ఉంది. తాళి కట్టే సమయానికి పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. డోలు ఎంత గట్టిగా మోగగలదో అంతా మోగేది అప్పుడే. సన్నాయి నిండా ఊదేదీ అప్పుడే. అప్పలస్వామి బుగ్గలు ఉబ్బాయి, దవడ కిందికి జారింది, దూదితో సహా ప్లగ్గు బయటికి లేచింది. అతను కళ్లు గట్టిగా మూసుకుని ఎడమ భుజం ఎగదోశాడు. అక్షింతలు నా చేతిలోనే ఉండిపోయాయి.

భోజనాల వేళ వాళ్ల దగ్గరికి వెళ్లాను. సన్యాసిరావు నన్ను చూసి, "ఇదిగో బావా, నీ సెవుల సారొచ్చేరు. నోరిప్పితే ఊడిపోయే బిరడాలు బాగున్నాయని సెప్పు" అన్నాడు.

"ఊరుకో బావా. సారు బోంచేసేరో లేదో" అని అప్పలస్వామి అతన్ని కసిరాడు. తర్వాత నా వైపు తిరిగి, "సెప్పినాను గద బాబూ. కూకుంటే బాగానే ఉంతాది. ఊదితేనే వొదులైపోతాది" అన్నాడు.

అక్కడే నిలబడి నా చిటికెన వేలు నా చెవిలో పెట్టుకుని నోరు తెరిచాను. వేలి కింద చెవి నాళం గోడ కదిలి వెడల్పయింది. ఎవరైనా చేసి చూసుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల చెవులు చూసినవాణ్ణి, ఆ పని ఒక్కసారీ చేయలేదు. నేను అచ్చు తీసింది నోరు మూసుకున్న అప్పలస్వామి చెవికి. సన్నాయి ఊదే అప్పలస్వామి చెవి వేరు.

తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను.

"అయితే నా డోలుది కాదన్నమాట! ఇంటికాడ మా సెల్లి రోజూ నన్నే తిడతంది బాబూ, మొగుడి సెవి తినేసినానని" అన్నాడు సన్యాసిరావు. అప్పలస్వామి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

సోమవారం అతన్ని ఆసుపత్రికి రప్పించి మళ్లీ పరీక్ష చేశాను. ఎడమ చెవి గీత ముందుకన్నా కొంచెం దిగింది. ఆ పెళ్లిళ్ల రోజులన్నీ అతను రక్షణ ఉందనుకుని లేకుండానే ఊదాడు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. అతను, "పోయింది పోనీండి. ఉన్నది సూడండి" అన్నాడు. అతను కోప్పడి ఇంకొకరి దగ్గరికి పోయి ఉంటే నాకు ఈ పని ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకు అతనికి నేటికీ రుణపడి ఉన్నాను.

ఈసారి పళ్ల మధ్య చెక్కముక్క పెట్టి నోరు తెరిపించి ఒక అచ్చు, సన్నాయి ఊదుతూ ఉండగా ఇంకొక అచ్చు తీశాను. వరండాలో ఉన్న రోగులందరూ తలుపు దగ్గర చేరారు. రెండు అచ్చులూ ల్యాబుకు పంపి, ఏది ఎలా తీశానో కాగితం మీద రాసి జతచేశాను. కొత్త ప్లగ్గులు వచ్చాక సన్యాసిరావును డోలుతో రమ్మన్నాను. ఎడమ పక్కన నిలబెట్టి గట్టిమేళం వాయించమన్నాను. ప్లగ్గు కదల్లేదు.

"డోలు పక్కింటికి పోయినట్టుంది బాబూ. నా సన్నాయి మాత్తరం నా కాడే ఉంది" అన్నాడు అప్పలస్వామి.

అతను ఇప్పటికీ ఊదుతున్నాడు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆరు నెలలకోసారి ఆ చెవి పరీక్షించాను. గీత మళ్లీ దిగలేదు. దిగినంత మేర తిరిగి లేవనూ లేదు.

యంత్రం బాగుందని చెప్తూ, మనిషి బాగాలేదని చెప్తూ ఉంటే, ఆ మనిషి తన పని చేస్తున్నప్పుడు మనం పరీక్షించలేదని అర్థం. నేను నేర్చుకున్నది ఇంతే. కొత్త ప్లగ్గులు కుదిరిన ఆ వారమే పాత కాగితాలు వెతికాను. అప్పలస్వామికి ముందు నా చేత ప్లగ్గులు చేయించుకున్న సంగీతం మనుషులు ముగ్గురున్నారు. ఇద్దరు పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాళ్లు, ఒకామె పాటలు పాడుతుంది. ముగ్గురికీ ఫోను చేశాను. ముగ్గురూ ప్లగ్గులు వాడటం ఎప్పుడో మానేశారు. తమకే అలవాటు కాలేదనుకుని, నేనేమంటానోనని మళ్లీ రాలేదట. తప్పు వాళ్లది కాదని ఒక్కొక్కరికీ చెప్పి, పిలిపించి, నోరు తెరిపించి మళ్లీ అచ్చులు తీశాను.