విమలక్క ఎవరి శిష్యురాలూ కాదు

విమలక్క పోయింది.

నిన్న పొద్దున బలద్ బజార్లో కూరగాయలు ఏరుతుంటే సెనెగల్ నుంచి ఫోన్ వచ్చింది. అక్క దగ్గర చదువుకున్న ఫాతూ. "మేడమ్ నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. కొట్టతను ఎన్నిసార్లు పిలిచాడో, నాకు వినబడలేదు.

సాయంత్రానికి ఇంకో షాక్.

మన జెద్దా తెలుగు గ్రూపులో రామ్మోహన్ సార్ పోస్టు. "నా ప్రియ శిష్యురాలు. నేనే వేలు పట్టి నడిపించాను" అట. కింద మీ అందరి దండాలు, పువ్వులు.

ఛీ.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గల్ఫ్ వార్ నాటికి మేం ముగ్గురం జెద్దాలో ఒకే ఆఫీసులో ఉన్నాం. ఆఫ్రికా దేశాల జనాభా, అభివృద్ధి మీద రిపోర్టులు తయారుచేసే ఆఫీసు. సార్ డైరెక్టర్. నేను టైపిస్టుని. కాకినాడలో స్టాటిస్టిక్స్ చదువుకున్న విమలక్క రీసెర్చర్.

రియాద్ మీద స్కడ్ మిసైల్ పడిందనగానే సార్ "అర్జెంట్ ఫ్యామిలీ మ్యాటర్" అని హైదరాబాద్ ఫ్లైటెక్కారు. రియాద్ ఎక్కడ, జెద్దా ఎక్కడ! అక్క మాత్రం రోజూ ఆఫీసుకొచ్చి పని చేసుకుంది.

వార్ ముగిశాక సార్‌కి మళ్లీ ఆఫ్రికా మీద ప్రేమ పుట్టింది. సెనెగల్ సర్వేకి అక్కని తీసుకెళ్లారు. తీసుకెళ్లి, తాను సిటీలో ఏసీ హోటల్ దాటలేదు. దుమ్ము పడదట.

పల్లెలకి అక్క ఒక్కతే వెళ్లింది. అక్కడ సర్వే వాళ్లు మగవాళ్లనే అడిగి రాసుకుంటున్నారు. ఒక పెద్దమనిషి "మా ఆవిడా? ఏ పనీ చేయదు" అన్నాడట. అదే మాట రాసుకున్నారు కూడా.

అక్క అడిగింది. "మరి ఇంటి వెనక ఆ రోకటి చప్పుడు ఎవరిదండీ?"

ఆయన భార్య. సజ్జలు దంచుతోంది, వీపున పసిబిడ్డని కట్టుకుని.

ఆ రోజే అక్క సర్వే ఆపించింది. ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగించింది. పొలం పని, నీళ్ల మోత, ఎంతమంది పిల్లలు కావాలనుకున్నారు, ఆ మాట ఇంట్లో ఎవరైనా అడిగారా.

ఎవరూ అడగలేదు.

ఆ రిపోర్టు నేనే టైప్ చేశాను. కవర్ మీద ఎవరి పేరు వేయించారో మీకు చెప్పాలా?

జెద్దాలో పెద్ద హోటల్లో మీటింగ్. ఆఫ్రికాలో స్త్రీ పురుష సమానత్వం గురించి. హాల్లో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లం పక్క గదిలో, ఒక స్పీకర్, ప్రశ్నలడగడానికో మైక్ ముందు. రాసిన మనిషి కూడా అక్కడే!

సార్ చదువుతున్నారు. "ఆ పల్లెల్లో ఆ తల్లుల మధ్య నేలమీద కూర్చుని విన్నాను..."

మా పక్కనున్న సెనెగల్ మేడమ్ మైక్ అందుకుని "ఏ పల్లె?" అని అడిగింది.

స్పీకర్‌లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

అక్క మైక్ వైపు చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపబోయాను. "ఎందుకక్కా లొల్లి? ఇకామా పోతది, ఈ దేశంలో ఉండనియ్యరు" అన్నాను.

"పోతే పోయిందే! ఆయనగారు అబద్ధాలు చదూతుంటే వింటా కూచోమంటావేంటి?"

ఊళ్ల పేర్లతో సహా చెప్పింది. ఏ ఊళ్లో ఏ తల్లి ఏమందో చెప్పింది. సార్ హోటల్ పేరు కూడా చెప్పింది!

మర్నాడు సార్ అన్న మాట నా చెవులతో విన్నాను. "ఆడదానికి ఇంత పొగరు పనికిరాదమ్మా." సమానత్వం మీద స్పీచ్ ఇచ్చిన నోరే అది.

ఇకామా రద్దు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టి దేశం దాటించారు.

యాన్బు రిఫైనరీలో పనిచేసే అక్క భర్త శేఖర్ బావగారు కూడా రాజీనామా ఇచ్చి ఆమె వెంట సెనెగల్ వెళ్లిపోయారు. "పెళ్లాం కొంగు పట్టుకుని ఆఫ్రికా పోయాడు" అని విందుల్లో నవ్వుకున్నది ఎవరు? ఇవాళ పువ్వులు పెడుతున్న మీరే.

అక్కడ అక్క చివరిదాకా ఆడపిల్లలకి సర్వే పని నేర్పింది. పల్లెపల్లెకీ తిరిగి ఆడవాళ్లనే అడగడం నేర్పింది. ఇప్పుడు అక్కడ సర్వే టీములు నడిపేది ఫాతూ లాంటి ఆ అమ్మాయిలే.

సార్, ఆ పోస్టు తీసేయండి. సిగ్గు ఎలాగూ లేదు, కనీసం మర్యాదకైనా.

వెళ్లిరా అక్కా. నీకు శాంతి దొరకాలి. ఇక్కడి మహానుభావులకి మాత్రం కొన్నాళ్లు అది కరువవ్వాలి.