పూలకుండీకి తాగించిన ఓఆర్‌ఎస్

ఎండిన నేలలో ఊటలు పుట్టించే దేవునికి స్తోత్రం. నర్సుగా నేను తెలివితో చేసిన పనులకంటే ఆయన నా కళ్లు తెరిపించిన రోజులే నాకెక్కువ గుర్తు.

2023 వేసవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాట షూటింగ్‌లో నాది ఫస్ట్ ఎయిడ్ డ్యూటీ. సెట్‌లో ఒక మూల మడత మంచం, బీపీ మిషన్, నా కుర్చీ. పొద్దున రెండో టేక్ కాగానే లావణ్య అనే డ్యాన్సర్‌ని తోటివాళ్లు పట్టుకొచ్చారు. కళ్లు తిరిగాయట. రహమత్ నగర్ అమ్మాయి. నాలుగేళ్లు వెనక వరసలో ఆడి, ఆ రోజే మొదటిసారి ముందు వరసకు వచ్చింది. పీరియడ్స్ రెండో రోజు. నాలుక ఎండిపోయి ఉంది, బీపీ తగ్గింది.

"డ్యాన్స్ మాస్టర్ నా జాగల ఇంకో పిల్లను నిలబెట్టిండు అక్కా. మధ్యాహ్నం మూడు దాకా సూస్తనన్నడు."

ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లో పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇచ్చే పొడి, నీళ్లలో కలిపి గ్లాసు చేతికిచ్చాను. వేడినీళ్ల బ్యాగు తెచ్చేసరికి గ్లాసు ఖాళీ. మంచి పిల్ల అనుకుని ఇంకోటి ఇచ్చి అటు తిరిగాను. అదీ ఖాళీ. అప్పుడు నా చెప్పులు తడిశాయి. మంచం పక్కనున్న గులాబీ కుండీ కిందనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ప్లాస్టిక్ గులాబీ అది. కుండీలో మట్టి లేదు, థర్మాకోల్ ముక్కలే.

"గులాబీకి బీపీ ఎంతుంది లావణ్యా?" అన్నాను.

నవ్వబోయి ఏడ్చేసింది. "తాగితే పోవాలె గదక్కా. ఏడికి పోవాలె? బాత్రూమ్ గా గేటు కాడ ఉంది, మొగోళ్లంత గాడనే కూసుంటరు. ప్యాడ్ మార్చుకునే జాగ లేదు. పైకెల్లి తెల్ల లంగా. అందుకే పొద్దుగాల నుంచి ఏం ముట్టలే."

ఎన్నేళ్లుగానో "నీళ్లు తాగండమ్మా" అని అందరికీ చెబుతున్నాను. తాగాక ఎక్కడికి వెళ్తారని ఒక్కరినీ అడగలేదు.

బయట ఒక వ్యానిటీ వ్యాన్, నటులు బట్టలు మార్చుకునే, లోపలే బాత్రూమ్ కూడా ఉన్న బండి, ఖాళీగా ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ మూర్తి గారిని అడిగాను.

"అది విలన్ గారిదండీ. సాయంత్రం సీన్‌కి వస్తారు."

"పాటలో ఆయనకేం పని లేదుగా. అందాకా ఆడపిల్లలకివ్వండి. ఒకసారి ఫోన్ చేసి అడగండి."

ఆయన భయపడుతూనే చేశారు. ఫోన్ పెట్టేసి నవ్వారు. "ఫ్రిజ్‌లో చాక్లెట్లున్నాయట, అవి కూడా తినమన్నారండీ. తెర మీద చూస్తే అలా నరుకుతాడు."

లావణ్య వ్యాన్‌కి వెళ్లొచ్చింది. ఈసారి గ్లాసు నా కళ్లముందే తాగింది. భోజనానికి పాలకూర పప్పు, గుడ్డు, పెరుగన్నం పెట్టించాను.

"ఈ దినాల్ల పెరుగు తినొద్దంటది మా నాయనమ్మ."

"తినొచ్చు. నాయనమ్మతో నేను మాట్లాడతాలే. రక్తం పోయే రోజుల్లో కడుపు మాడ్చుకోకూడదు."

రెండు గంటలు పడుకోబెట్టి మళ్లీ బీపీ చూశాను. బాగుంది. మూడింటికి ఆమె తన చోటికి తానే నడిచి వెళ్లి నిలబడింది. టేక్ ఓకే అయింది. తర్వాత చూస్తే వ్యాన్ ముందు డ్యాన్సర్లందరి చెప్పులూ వరసగా ఉన్నాయి.

చనిపోయిన చిన్నపిల్లను లేపిన ప్రభువు, వెంటనే ఆమెకు తినడానికేమైనా పెట్టమన్నాడని సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. సలహా ఇచ్చే ముందు దారి చూపాలని మాత్రం ఆ ప్లాస్టిక్ గులాబీ దగ్గర నేర్చుకున్నాను.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కళ్లు మూసుకోండి. ప్రభువా, పనికి వెళ్లిన ప్రతి ఆడపిల్లకూ తాగడానికి నీళ్లు, వేళకు అన్నం, గడియ ఉన్న ఒక తలుపు దయచేయి. ఆమెన్.