మల్లన్న రుచి చూడని కల్లు

మొన్న మర్కూక్ దాటి బండి మీద సిద్దిపేట వస్తుంటే, ఈతవనం వైపు నుంచి గాలి మళ్లింది. అప్పుడే దించిన కల్లు వాసన, తీపి మీద సన్నని పులుపు. నోట్లో నీళ్లూరాయి. తాగడం మానేసి తొమ్మిదేళ్లయినా ఈ నాలుకకు సిగ్గు రాలేదు. బండి పక్కకు ఆపాను. ఆ వాసన తగిలితే నాకు కల్లు కంటే ముందు మల్లన్న గుర్తొస్తాడు.

మల్లన్న గీత కార్మికుడు, మా పక్కింటివాడు. పొద్దున్నే ఈతచెట్లెక్కి కల్లు దించి వనంలోనే అమ్మేవాడు. ఒకప్పుడు అమ్మినంత తాగేవాడట. ఏసుప్రభువును నమ్ముకున్నాక చుక్క ముట్టలేదు. నేనేమో పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి, కరెంటు లైన్‌మన్‌ని. ఆదివారం చర్చిలో అందరికంటే నా గొంతే పెద్దది. మిగతా ఆరు రోజులూ మల్లన్న దగ్గర కల్లు కుండల్లో నా లొట్టే పెద్దది. పాస్టరుగారు ఆయన్ను చెట్లు వదిలెయ్యమనేవారు. నేనూ ఎగతాళి చేసేవాణ్ణి.

“గిదేం భక్తి మల్లన్నా? మాకు పోస్తవ్, నువ్వు తాగవ్.”

“నాకు వేరే పని రాదు తమ్మీ. గిది తప్పో ఒప్పో దేవుణ్ణి రోజూ అడుగుతనే ఉన్న. జవాబు వచ్చినంక నీకు చెప్త.”

కల్లు దించినవాడు ప్రతి లొట్టినీ రుచి చూడాలి. ఏది తియ్యగా ఉంది, ఏది పులిసింది నాలుకే చెప్పాలి. మల్లన్నకు ఆ పని భార్య లక్ష్మి చేసిపెట్టేది. అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని నాకి, మొహం చిట్లించి, “గిది పక్కకు వెట్టు” అనేది. ఆమె ఏనాడూ చర్చికి రాలేదు. కానీ మొగుడి ఒట్టు నిలబడింది ఆమె చలవతోనే.

ఆ లక్ష్మి నాలుగు రోజుల జ్వరంతో దవాఖానలో కన్నుమూసింది. మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే, మూడో రోజు చుట్టాలు కల్లు తెచ్చి ఇంటివాళ్ల చేత తాగిస్తారు. వద్దంటే పోయినవాళ్లను అవమానించినట్టే. మల్లన్న బామ్మర్ది గ్లాసు నింపి తెచ్చాడు.

“జర తాగు బావా. మా అక్క పేరు మీద. తాగకపోతే ఆమె మీద ప్రేమా పావురం లేనట్టే.”

మల్లన్న గ్లాసు అందుకున్నాడు. కల్లు వేళ్ల మీద ఒలికింది. పెదవుల దాకా తెచ్చాడు కూడా. దాచడమెందుకు, తాగేస్తే బాగుండుననుకున్నాను నేను. ఆయన కూడా పడిపోతే ఇక నాకు సిగ్గు తెప్పించేవాడెవడు?

“గిది తాగితే పాణం హాయిగైతది, నాకెరుకే. గందుకే తాగ. నేను తాగొద్దనే గద మీ అక్క గిన్నేండ్లు నా బదులు రుచి చూసింది” అని గ్లాసు తిరిగిచ్చి, బామ్మర్దిని పట్టుకొని బావురుమన్నాడు. కోపంగా లేవబోయిన బామ్మర్ది మెల్లగా కూలబడి తనూ ఏడ్చాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. రుచి చూసేవాళ్లు లేరు. నేను చూస్తానన్నాను. “నీకిస్తే రుచి తోని ఆగుతవా? లొట్టి అడుగు చూస్తవ్” అన్నాడు, అంత దుఃఖంలోనూ. వాసన పట్టి, నురగ చూసి పోల్చుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో అన్నీ పొరపాట్లే. పులిసింది పోసి తిట్లు తిన్నాడు. ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకుంటే ఏం పోతుందని అందరూ విసుక్కున్నారు. ఆ ఒక్క చుక్క తనను ఎక్కడికి తీసుకుపోతుందో మల్లన్నకు తెలుసు.

కొన్ని నెలల తర్వాత, వనం పక్కన తీగ తెగిందంటే పొద్దున్నే వెళ్లాను. మల్లన్న చెట్టుకు నుదురానించి నిలబడి ఉన్నాడు. “ప్రభువా, ఇయ్యాల గుడ తాగబుద్ధయితుంది. నాతోని ఉండు” అంటున్నాడు.

నాకు నవ్వొచ్చింది. “ఇంక కోరిక పోలేదా మల్లన్నా?”

“పోలే తమ్మీ. లచ్చిమి ఉన్నన్ని రోజులు ఆమె చాటుకు బతికిన. నా నమ్మకం ఎంతనో నాకే ఎరుక లేకుండె. ఇప్పుడు రోజూ దేవుణ్ణి పిలుస్తున్న. రోజూ వస్తుండు.” అంటూనే ఆగి, నా దగ్గరకొచ్చి గాలి పీల్చాడు. “తాగినవ్. స్తంభం ఎక్కకు.”

నిజమే, ఇంకో కల్లు మండువాలో రెండు గ్లాసులు తాగి వచ్చాను. మా ఆఫీసరు కూడా పసిగట్టలేదు. నెలల తరబడి తప్పులు చేస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్న ఆ ముక్కు పట్టేసింది. పక్కకు జరగమన్నాను, తోశాను, నోటికొచ్చినట్టు తిట్టాను. స్తంభాన్ని రెండు చేతులా కావలించుకొని నిలబడ్డాడు. వేరే లైన్‌మన్ వచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు ఎక్కి ఉంటే ఇది చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

నేను మానేయడానికి ఆ తర్వాత ఏడాది పట్టింది. మల్లన్న పోయి రెండేళ్లు. కల్లు దించడం తప్పో ఒప్పో అని ఆయన దేవుణ్ణి అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందో లేదో నాకు చెప్పనే లేదు.

రోడ్డు పక్కన ఆగిన నన్ను చూసి వనంలోంచి ఎవరో కేకేశారు. “రా అన్నా, ఇప్పుడే దించిన.”

బండి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. “ప్రభువా, ఇయ్యాల గుడ తాగబుద్ధయితుంది” అన్నాను, పైకే. “నాతోని ఉండు.”

వనంలోని మనిషికి చెయ్యి ఊపి, బండి స్టార్ట్ చేశాను.