తోక ఎత్తి చూడని సైంటిస్టు

ఒక ఎలుక నా చదువును ఎట్లా కొరికి పారేసిందో చెప్తాను. నవ్వండి, నాకేం బాధ లేదు. ఉన్నా మీకు చెప్పను.

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఇది: భయమేస్తే మగ ఎలుక ఏం చేస్తుంది, ఆడ ఎలుక ఏం చేస్తుంది. బాగా చేస్తే పీహెచ్‌డీలో చేర్చుకుంటానన్నాడు సార్. చేయకపోతే పెళ్లే అన్నాడు రఘునాథపల్లిలో మా బాపు.

పిల్ల ఎలుకలను తోక ఎత్తి చూసి, మగవాటిని ఒక బోనులో, ఆడవాటిని ఇంకో బోనులో వేయాలి. నాకేమో వాటిని ముట్టుకోవాలంటే ప్రాణం పోయేది. అందుకే దూరం నుంచే తేల్చేశాను. బోను తలుపు తీయగానే ఎగబడ్డవి మగవి, మూలకు నక్కినవి ఆడవి. మగ్గుతో తోడి, బోన్లలో వేసి, చీటీలు అంటించాను.

దాణా వేసే సమ్మక్క చూసింది.

"తోక లేపి చూసినవా చెల్లె?"

"నడక చూస్తె తెల్వదా అక్కా?"

"నడక చూసే మేం కోడల్ని తెచ్చుకున్నం. జర లేపి చూడు."

నేను చదువుకున్నదాన్ని కదా, వినలేదు.

భయం కొలవడానికి, ఒకవైపు గోడలుండి ఇంకోవైపు లేని ఎత్తయిన చెక్క మీద వదిలితే, నా 'ఆడవి' గోడలున్న వైపే దాక్కున్నాయి. 'మగవి' అంచుల దాకా షికారు చేశాయి. పిరికివాటిని ఏరి ఆడవని రాసింది నేనే, ఆడవి పిరికివని కనిపెట్టిందీ నేనే! సార్ మురిసిపోయాడు. "అనుకున్నట్టే వచ్చిందమ్మా" అన్నాడు. ఆయనా తోక ఎత్తలేదు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన మేడం ముందు గొంతు సవరించుకున్నానో లేదో, సమ్మక్క ఉరికొచ్చింది.

"చెల్లె, నీ మగ ఎలుక ఈనింది!"

"ఎన్ని?" అన్నాడు సార్, అయోమయంలో.

"తొమ్మిది."

మేడం లేచి వెళ్లి, ఒక్కో తోకా ఎత్తి చూసింది. "ఈ ధైర్యవంతుల్లో సగం ఆడవే. వేరు చేసిందెవరు?"

సార్ నావైపు చూపించి నవ్వాడు. "ఆడపిల్ల కదండీ, భయపడింది."

నా పరిశోధనలో నిలబడ్డ ఫలితం అదొక్కటే. మొత్తం మళ్లీ చేయమన్నారు. బాపు ఆగలేదు.

ఇప్పుడు చెల్పూర్‌లో ఉంటున్నాను. నిన్న మూడేళ్ల నా కూతురు జారుడుబల్ల ఎక్కుతుంటే, "దిగు బిడ్డా, పడ్తవ్!" అని నేనే అరిచాను.

"ఎక్కనియ్ రాదు" అంది పక్కింటామె.

"ఆడపిల్ల గదక్కా, భయపడ్తది."

భయం నాది, చీటీ దానికి.

కాబట్టి ఆ తొమ్మిది పిల్లల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై తోక ఎత్తి చూడకుండా ఎవరికీ చీటీ అంటించను. మనుషులకు తోకలు లేవు కనుక, వాళ్లకు అసలే అంటించను.